స్కానింగ్ చెప్పిందే జబ్బా?

నెలసరి రెండు నెలలు తప్పిందని పదహారేళ్ల పిల్లను తల్లి ఆస్పత్రికి తీసుకెళితే, చాలాచోట్ల మొదట రాసేది స్కానింగే. రిపోర్టులో ‘పీసీఓడీ’ (పాలీసిస్టిక్ ఓవరీ డిసీజ్) అన్న మాట కనిపించగానే మాత్రల చీటీ చేతికొస్తుంది. ‘నీటి బుడగలున్నాయట’ అన్న కబురు ఇల్లు చేరుతుంది. పెళ్లవుతుందా, పిల్లలు పుడతారా అన్న బెంగ ఆ వెంటే మొదలవుతుంది. అసలు ఆ పిల్లకు జబ్బుందో లేదో మాత్రం ఎవరూ తేల్చి ఉండరు.

స్కానింగ్‌లో కనిపించేవి నిజానికి తిత్తులు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిన అండకోశాలు (ఫాలికిల్స్). రజస్వల అయిన తొలి సంవత్సరాల్లో అవి ఎక్కువగా ఉండటం సహజం. అందుకే రజస్వల అయ్యాక ఎనిమిదేళ్ల వరకు ఈ జబ్బు నిర్ధారణకు స్కానింగ్‌ను వాడొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2018లోనే చెప్పాయి, కౌమారంలో అది వద్దని 2023లో మళ్లీ చెప్పాయి. ఆ వయసులో జబ్బని తేల్చాలంటే నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల ఆధిక్యం రెండూ ఉండాల్సిందే. పెద్దవారిలోనూ ఈ రెండూ ఉంటే నిర్ధారణకు స్కానింగ్ అక్కర్లేదు. ఇంత స్పష్టంగా ఉన్న నియమాన్ని పక్కనపెట్టి చిన్నపిల్లలపై జీవితకాలపు జబ్బు ముద్ర వేయడం వైద్యం కాదు, అన్యాయం.

లెక్క కూడా మారింది. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణం ప్రకారం ఒక అండాశయంలో 12 అండకోశాలుంటే చాలు. పరికరాల చూపు పదునెక్కడంతో 2018లో దాన్ని 20కి పెంచారు. పాత అంకె పట్టుకుని రాసిన రిపోర్టు ఆరోగ్యవంతురాలిని కూడా రోగిని చేస్తుంది.

ఇక రక్తపరీక్షల సంగతి. ఒక్క గొట్టం రక్తంతో ఈ జబ్బును తేల్చే సూచిక ఇంతవరకూ లేదు. ఏఎంహెచ్ (యాంటీ ముల్లేరియన్ హార్మోన్) పరీక్షను 2023లో స్కానింగ్‌కు ప్రత్యామ్నాయంగా అంగీకరించారు. అదీ పెద్దవారికే, మిగతా లక్షణాలతో కలిపి చూసినప్పుడే. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల నిష్పత్తికి ప్రమాణాల్లో చోటే లేదు, అయినా ల్యాబుల ‘పీసీఓడీ ప్యాకేజీ’ల్లో అది కనిపిస్తూనే ఉంది. పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ ఆడవారిలో అతి తక్కువ మోతాదులో ఉంటుంది. దాన్ని సరిగా కొలవాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ కావాలి, మామూలు కిట్లు తప్పుతాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ అంకెను నమ్మలేం. థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ చూసి ఇతర జబ్బులు లేవని తేల్చుకోవడం తప్పనిసరి. ప్యాకేజీ అమ్మేవారు ఇవన్నీ ఎవరికి చెబుతున్నారు?

ఇంతకంటే బాధాకరమైనది ఇంకొకటి. నిర్ధారణ అయిన ప్రతి మహిళకూ, సన్నగా ఉన్నా సరే, చక్కెర స్థాయి చూడాలి. అందుకు అన్నిటికన్నా నమ్మదగినది 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష. మధుమేహం ముప్పు ఎక్కువగా ఉన్న మన జనాభాకు అది మరీ అవసరం. నెలల తరబడి నెలసరి రాకుంటే గర్భాశయ పొర క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. దిగులు, ఆందోళన గురించి అడగడమూ వైద్యంలో భాగమే. బుడగలు లెక్కపెట్టే చోట వీటి గురించి అడిగే నాథుడు లేడు.

మరోవైపు ప్రపంచవ్యాప్తంగా ఈ జబ్బున్న వారిలో 70 శాతం వరకు నిర్ధారణకు నోచుకోవడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బున్న ఇంటి పిల్లకు అక్కర్లేని స్కానింగులు. నిజంగా జబ్బున్న కూలి తల్లికి గడ్డం మీద రోమాలొచ్చినా, ఏడాదికి నాలుగుసార్లే నెలసరి వచ్చినా పట్టించుకునేవారు లేరు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఇకనైనా కదలాలి. వైద్యుడి చీటీ లేకుండా పీసీఓడీ ప్యాకేజీలు అమ్మడాన్ని ఆపించాలి. స్కానింగ్ రిపోర్టులో రోగి రజస్వల అయిన వయసు, అండకోశాల సంఖ్య రాయడం తప్పనిసరి చేయాలి. 2014 నుంచి నడుస్తున్న జాతీయ కిశోర ఆరోగ్య కార్యక్రమంలో నెలసరి చరిత్ర నమోదును చేర్చి, అవసరమైన నాలుగైదు రక్తపరీక్షలు, గ్లూకోజు పరీక్ష జిల్లా ఆస్పత్రుల్లో ఉచితంగా జరిగేలా వచ్చే బడ్జెట్‌లోనే నిధులివ్వాలి.