యార్డులో తిరిగే పొట్టి ఇంజిన్

రైలు చూడపోయిన పిల్లలు పెద్ద ఇంజిన్నే చూస్తరు. యార్డులో ముందుకూ వెనక్కూ తిరిగే పొట్టి ఇంజిన్‌ని ఎవరు చూస్తరు? దూది బేళ్లు, బాయిలర్ బొగ్గు గూడ్సు బండ్లలో వచ్చిన కాలంలో, ఏ వ్యాగన్ విప్పి ఏ సైడింగులో పెట్టాలన్నా ఆ పని దానిదే. దాన్నే షంటింగ్ అంటరు.

అందులో డబ్ల్యూ.డి.ఎస్.-4 అని ఒక రకం ఉంది. డబ్ల్యూ అంటే పెద్ద లైను, డి అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్. బెంగాల్లోని చిత్తరంజన్ కార్ఖానా 1950 నుంచి ఆవిరి ఇంజిన్లు చేసేది. 1968లో ఈ డీజిల్ ఇంజిన్లు మొదలుపెట్టింది.

షంటింగ్ ఇంజిన్‌కు పని తక్కువ, నిలబడుడు ఎక్కువ. ఆవిరి ఇంజిన్ నిలబడ్డా మంట ఆరొద్దు. ఆరితే మళ్లీ ఆవిరి ఎక్కడానికి గంటలు పడతది. బాయిలర్ దగ్గర పనిచేసినోళ్లకు ఇది వేరే చెప్పాల్నా? పని లేకున్నా బొగ్గు కాలుడే. డీజిల్‌ది అయితే ఆపి పెట్టొచ్చు. బూడిద తోడే పని లేదు, నీళ్లు పట్టే పని లేదు.

బరువు 60 టన్నులు, చక్రాలు ఆరు, బలం సుమారు 700 హార్స్ పవర్. లోపల ఒక చక్రం నూనెను విసిరితే, ఆ నూనె ఇంకో చక్రాన్ని తిప్పుతది. అందుకే బరువు వ్యాగన్లను కూడా మెల్లగా కదిలిస్తది. బయట ఇనుప కడ్డీలు చక్రాలన్నిటినీ కలిపి తిప్పుతయి. సాంచా క్రాంకు చూసిన కండ్లకు అది కొత్తేం కాదు.

ఇంజిన్ మారింది గానీ పాయింట్స్‌మన్ పని మారలేదు. రెండు వ్యాగన్ల నడుమ దూరి కప్లింగ్ తగిలించాలె. పగలు జెండా, రాత్రి లాంతరు. డ్రైవరు ఆ సైగ చూసే నడపాలె. సైగ తప్పితే మనిషి బఫర్ల నడుమ నలిగిపోతడు. ఇంజిన్ చరిత్ర రాసేటోళ్లు ఈ మాట రాయరు, నాకు అదే బాధ.

1980 తర్వాత రైల్వే పద్ధతి మారింది. బండి మొత్తం ఒక్క సరుకే, ఒక్క ఊరికే. రెండు మూడు వ్యాగన్ల సరుకు లారీల పాలైంది. విప్పుడు, తగిలించుడు తగ్గింది, యార్డులు మూతపడ్డయి. చిత్తరంజన్‌లో ఇప్పుడు కరెంటు ఇంజిన్లే చేస్తరు. మిల్లు సైడింగుల్లో పట్టాల మీద తుమ్మ చెట్లు మొలిచినయి.

మన బస్తీల్లో పాయింట్స్‌మన్‌గా, షంటర్‌గా చేసిన అన్నలు ఉంటే ఆ రోజుల ముచ్చట రాసి పంపండి. రాయరాకుంటే పిల్లలతో రాయించండి, వచ్చే నెల వేసుకుందాం.