గొడ్డలి కాదు, తోడు కావాలి

ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున జెండా పాట ఎంత పలికిందో రాసుకోవడం మా పని. సాయంత్రం కాంటా అయిపోయి, తక్‌పట్టీ చేతికొచ్చి, అడ్తి దుకాణం నుంచి పైసలు పట్టుకుని బయటికొచ్చే రైతును చూస్తే మాత్రం వేరే దిగులు పుడుతుంది. ఏడాది కష్టమంతా బనీను జేబులోనో, ప్లాస్టిక్ సంచిలోనో ఉంటుంది. ఊరేమో నర్సంపేట అవతలో, ములుగు దిక్కో. బస్సు దిగినంక చీకట్లో ఇంకింత నడక. పంట చేలో ఉన్నన్నాళ్లూ పురుగు భయం, అమ్మినంక దొంగ భయం.

మిర్చి యార్డులో ఒక పెద్దమనిషి నాతో, "సంచిల చిన్న గొడ్డలి పెట్టుకుంట బిడ్డా, ఎవడన్న అడ్డమొస్తే సూస్కుంట" అన్నాడు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయను. కానీ ఆ దారి మంచిది కాదనే చెప్పాను. దోచుకునేవాళ్లు ఒక్కరే రారు. మన చేతిలోని గొడ్డలి వాళ్ల చేతికి పోతే మన మెడమీదికే వస్తుంది. కోపంలో ఒక దెబ్బ ఎక్కువ పడితే దొంగ ఆస్పత్రికి, రైతు కోర్టుకు. పత్తి ఏరే రోజుల్లో వాయిదాలకు తిరిగేదెవరు?

చట్టం ఏమంటున్నది?

తనను, తన సొత్తును కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. పక్కవాడిని కాపాడటానికి కూడా ఈ హక్కు వర్తిస్తుంది. కానీ దానికి హద్దుంది. ఆపదను ఆపడానికి ఎంత అవసరమో అంతే బలం వాడాలి. పారిపోతున్న జేబుదొంగను వెంటాడి పట్టుకోవచ్చు, పడేసి చావగొట్టడం మాత్రం ఆత్మరక్షణ కిందికి రాదు.

ముందు జాగ్రత్తే మొదటి ఆయుధం

మార్కెట్ల చుట్టూ తిరిగే మోసగాళ్లకు కత్తి అవసరం లేదు, మన చూపు మళ్లిస్తే చాలు. "పెద్దాయనా, నీ పైసలు కింద పడ్డయ్" అంటారు. అంగీ మీద బురదో, దురదపొడో చల్లి కడుగుతామంటారు. పోలీసులమని చెప్పి సంచి విప్పమంటారు. బస్సులో బిస్కెట్ పెడతారు. ఆటోలో ముందే ఇద్దరు కూర్చుని మనల్ని మధ్యలోకి పిలుస్తారు. ఇలాంటప్పుడు సంచి మీద చేయి తీయకుండా జనం ఉన్న దుకాణంలోకి నడవాలి. నిజమైన పోలీసైతే స్టేషన్‌కు వస్తానంటే కోపం చేయడు. ఎనుమాములకు పోలీస్ స్టేషన్ ఉండనే ఉంది.

అన్నిటికన్నా మేలైనది, పెద్ద మొత్తం ఒంటిమీద లేకపోవడం. పైసలు బ్యాంకు ఖాతాలో వేయించుకుంటే దారిలో కొట్టేసేవాడికి ఏమీ దొరకదు. అయితే ఖాతాకూ దొంగలున్నారు. ఫోన్‌లో వచ్చే ఓటీపీ నంబరు ఎవరు అడిగినా చెప్పొద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నగదే తీసుకోక తప్పకపోతే ఒకే ఊరివాళ్లు నలుగురు కలిసి ఒకే బండిలో వెళ్లాలి. చాయ్ హోటల్‌లో నోట్లు లెక్కపెట్టొద్దు. చార్జీల పైసలు వేరే జేబులో ఉంచుకోవాలి. పైసలు చేతిలో ఉన్ననాడు మందు వాసన కూడా చూడొద్దు.

ఎదురుపడితే?

కత్తి చూపితే సంచి ఒక దిక్కు విసిరేసి, ఇంకో దిక్కు ఉరకండి. ఈ మాట చాలామందికి నచ్చదు. అప్పు ఎట్ల తీరుతదని అడుగుతారు. బతికుంటే ఇంకో పంట తీస్తాం. ఇంటి పెద్ద పోతే ఆ అప్పు భార్యాబిడ్డల మీద పడుతుంది.

మనిషి మీదికే వస్తే చేతిలో ఉన్నవే అక్కరకొస్తాయి. టార్చిలైటు కళ్లలోకి కొడితే చీకట్లో వాడికి కాసేపు ఏమీ కానరాదు. చేతికర్ర ఎదుటివాణ్ని దూరం ఉంచడానికే, తల మీద కొట్టడానికి కాదు. మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు ఉన్న దిక్కుకు తిప్పి గుంజాలి. పట్టులో బలహీనమైన చోటు అదే. రుమాలు మెడకు ముడి వేసుకోవద్దు, అది దొంగకు పగ్గం అవుతుంది. అన్నిటికన్నా పెద్ద ఆయుధం గొంతు. పొలంలో పందులను తరిమినట్టు అరవండి.

మిర్చి రైతుకు కారం గురించి చెప్పనక్కర లేదు. అమ్మే పెప్పర్ స్ప్రేలో ఉన్నది కూడా మిరప ఘాటే. కానీ ఎదురుగాలికి చల్లితే మన కళ్లలోనే పడుతుంది. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు సమయంలో లోక్‌సభలో లగడపాటి రాజగోపాల్ స్ప్రే కొడితే సభంతా దగ్గింది, కొందరు ఎంపీలు ఆస్పత్రి పాలయ్యారు. బస్సులో, ఆటోలో కొట్టినా అంతే. కళ్లలో పడితే రుద్దకుండా మంచినీళ్లతో చాలాసేపు కడగాలి.

మిర్చి ఏరను, పత్తి తీయను ఆటోల్లో పోయే అక్కాచెల్లెళ్లకు ఇదే మాట. తెలియని బండి ఎక్కొద్దు. అందరూ దిగేదాకా ఒక్కరినే వెనక వదలొద్దు. 100కో, 112కో ఫోన్ చేయడం చిన్నపిల్లలకు కూడా నేర్పండి. జరిగింది ఏ ఊళ్లోనైనా, ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి.

తోడే బలం

బైరాన్‌పల్లి మనకు దూరం కాదు. రజాకార్ల రోజుల్లో ఆ ఊరి జనం బురుజు మీద కాపలా కాసి, పిట్టలను కొట్టే వడిసెలతో దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న సైన్యం, ఫిరంగులు వచ్చినప్పుడు ఊరు నెత్తుటి మడుగైంది. రాయి ఫిరంగిని ఆపలేదు. కానీ అంతకు ముందు అన్నిసార్లు నిలిచింది ఊరంతా ఒక్కటిగా మేల్కొని ఉన్నందుకే.

ఇప్పుడు మనకు కావలసింది కూడా ఆ తోడే. సీజన్‌లో యార్డు గేట్ల దగ్గర వెలుతురు, సాయంత్రం పోలీసుల గస్తీ, పొద్దుపోతే రైతు పైసలతో భద్రంగా పడుకునే చోటు, అమ్మిన రోజే ఖాతాలో జమ. ఈ నాలుగూ అడగడం రైతు హక్కు. ఒక్కడు అడిగితే వినరు, ఊరూరి రైతులు కలిసి అడిగితే వింటారు.

అప్పటిదాకా పైసలతో ఒంటరిగా బయలుదేరకండి. పక్క ఊరి రైతును పిలిచి, "అన్నా, నువ్వెటు పోతున్నవే?" అని అడగండి. ఆ ఒక్క మాట గొడ్డలికన్నా గట్టిది.