స్టెంట్ వేసిన చోట మళ్ళీ ఇరుకు: కషాయానికి కరిగేదేనా?

గుండె రక్తనాళానికి స్టెంట్ వేయించుకుని ఏడెనిమిది నెలలు తిరగకముందే, మెట్లెక్కితే మళ్ళీ ఛాతీ బరువెక్కుతున్నదని కొందరు చెప్పడం వింటూ ఉంటాము. పరీక్ష చేయిస్తే స్టెంట్ వేసిన చోటనే నాళం తిరిగి సన్నబడిందని తేలుతుంది. ఇంత ఖర్చుపెట్టి, ఇంత పథ్యం చేసినా కొవ్వు మళ్ళీ ఎట్లా పేరుకున్నదని ఇంటిల్లిపాదీ దిగులుపడతారు. ఆ వెంటనే ఎవరో ఒకరు వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తేనె కలిపిన కషాయం పేరు చెప్పి, పూడికలన్నీ కరిగిపోతాయని హామీ ఇస్తారు.

గృహవైద్యంపై గౌరవం ఉన్నవాడిగానే ఈ హామీని నేను అంగీకరించలేను. ఆ తొలి నెలలలో స్టెంట్‌లో పెరిగినది ప్రధానంగా కొవ్వు కాదు.

మన ఇళ్ళలో గుండె ధమని అంటే తుప్పుపట్టిన కుళాయి గొట్టమనే భావన బలంగా నాటుకుపోయింది. తుప్పునైతే గీకవచ్చు, కరిగించవచ్చు. కాని ధమని ప్రాణమున్న నాళం. బెలూన్ ఉబ్బించి దాని గోడను వెడల్పు చేసినప్పుడు లోపలి పొర చిట్లుతుంది. అది ఒక గాయం. శరీరం ఆ గాయాన్ని మాన్పడానికి పూనుకుంటుంది. గోడలోని మృదుకండర కణాలు వృద్ధిచెంది, లోపలివైపునకు జరిగి, స్టెంట్ లోహపు జాలికపై ఒక కొత్త పొరను అల్లుతాయి. ఆ పొర పలుచగా ఉంటే మేలే. మితిమీరి మందమైతే దారి ఇరుకవుతుంది. కొందరికి చిన్న కోత మానిన చోట కూడా మచ్చ ఉబ్బి గట్టిపడుతుంది కదా, ఇంచుమించు అటువంటిదే ఇది. మొదటి ఏడాదిలోనే ఎక్కువగా బయటపడడానికి కారణం ఇదే.

1977లో జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ తొలిసారిగా గుండె ధమనిని బెలూన్‌తో తెరిచినప్పటి నుంచి ఈ చిక్కు వైద్యులను వెంటాడుతూనే ఉన్నది. బెలూన్ మాత్రమే వాడిన రోజులలో నూటికి 30 నుంచి 40 మందికి ఆరు నెలలలో నాళం తిరిగి ఇరుకయ్యేది. 1986లో మొదలైన లోహపు స్టెంట్లతో అది 20, 30కి దిగింది. 2002, 2003 సంవత్సరాలలో మందు పూసిన స్టెంట్లు వాడుకలోకి వచ్చిన తరువాత 10 లోపునకు వచ్చింది. ఆ మందులలో మొదటిదైన సిరోలిమస్ ఈస్టర్ ద్వీపపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి లభించినది. ప్రకృతి మందులు వేరు, ఇంగ్లీషు మందులు వేరని గిరిగీసుకుని కూర్చునేవారు ఈ సంగతి గమనించాలి. అది కొవ్వును కరిగించదు. కణాల వృద్ధిని అణచుతుంది.

మరి ఆయుర్వేదానికి ఇక్కడ చోటు లేదా? హృద్రోగానికి తెల్లమద్ది చెక్కను పాలలో కాచి ఇవ్వడం మన పెద్దలు చెప్పిన యోగమే. అయితే వారి కాలంలో ఈ లోహజాలిక లేదు. దానిపై పెరిగే కండకు వారి గ్రంథాలను సాక్ష్యానికి పిలవడం వారిని గౌరవించడం అనిపించుకోదు. కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని పేరున్న గుగ్గులును పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు పరీక్షించి 2003లో ప్రకటించిన ఫలితాలలో, చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. మన మందులను ఇటువంటి పరీక్షలకు నిలబెట్టే పని మనమే చేయాలని నా అభిప్రాయం.

కషాయాన్ని నమ్మి మాత్రలు మానివేయడమే నన్ను అన్నిటికంటె భయపెడుతున్నది. మందు పూసిన స్టెంట్‌ను లోపలి పొర ఆలస్యంగా కప్పుతుంది. అంతవరకు బయటపడి ఉన్న లోహంపై రక్తం గడ్డకట్టవచ్చు. ఇరుకు నెలల తరబడి ఏర్పడుతుంది. గడ్డ ఉన్నట్టుండి నాళాన్ని మూసివేసి ప్రాణం తీయగలదు. ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ వంటి రెండవ మాత్రను సాధారణంగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారికి ఏడాది ఇవ్వడం ఇందుకే. గడువు పెంచినా తగ్గించినా గుండె వైద్యుడే నిర్ణయించాలి. కూరలో నాలుగు వెల్లుల్లి రెబ్బలకు భయపడనక్కరలేదు. వెల్లుల్లి సారం నింపిన గొట్టాలను ఈ మాత్రలతో కలిపి మింగితే మాత్రం రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఏ ఆకు, ఏ చూర్ణం వాడుతున్నా వైద్యునికి దాచకుండా చెప్పండి.

మధుమేహం ఉన్నవారిలో ఈ తిరిగి ఇరుకవడం ఎక్కువ. కనుక చక్కెరను అదుపులో ఉంచుకోవడం అన్ని విధాలా అవసరం. ఏళ్ళు గడిచాక స్టెంట్‌లోని కొత్త పొరలోనూ కొవ్వు చేరవచ్చు. మిగతా నాళాలలో కొత్త పూడికలు రావచ్చు. పథ్యం, నడక, పొగ మానడం, కొలెస్టరాల్ మాత్ర తమ సత్తా చూపేది అక్కడ.

నడిచినప్పుడు మునుపటి బరువో, ఆయాసమో తిరిగి మొదలైతే గ్యాస్ అనుకుని వాము నములుతూ వారాలు గడపవద్దు. తిరిగి ఇరుకైన నాళాన్ని మందు పూసిన బెలూన్‌తోనో, మరొక స్టెంట్‌తోనో, కొందరికి బైపాస్‌తోనో సరిచేయవచ్చు. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి. పన్ను పీకించుకోవలసి వచ్చినా, ఆ రెండు మాత్రలను మీకు మీరుగా ఆపకుండా స్టెంట్ వేసిన వైద్యుని ముందుగా అడగండి.