గుట్టలో మన గుట్టు


మన భువనగిరి మీదుగ గుట్టకు పోయే యాత్రికులను రోజూ చూస్తనే ఉన్నం. యాదగిరిగుట్టలో లాడ్జీ రూము అడిగితే ముందుగ వినపడే మాట "ఆధార్ జిరాక్స్ ఇయ్యి". తండా నుంచి వచ్చిన మా యాడి, బాపు గూడ ఇచ్చే వస్తరు. ఆ కాయితం తర్వాత ఎటు పోతదో ఎవరూ అడగరు.

ఇప్పుడు పెద్ద పట్నాలల్ల కౌంటరు కాడికే పోనక్కరలేని హోటళ్లు వస్తున్నవి. తాళంచెవి ఫోన్లోకే వస్తుంది. తలుపు, ఏసీ, లైట్లు అన్నీ ఫోనుతోనే. రేపు గుట్టకూ వస్తయి. వినడానికి గమ్మత్తుగనే ఉంది, నేను వద్దనను. కాని మన ట్రంకుపెట్టె చెవి ఎన్నిసార్లు తిప్పినా ఎవ్వరికీ చెప్పదు. ఫోను తాళం అట్ల గాదు. ఏ తలుపు ఎన్ని గంటలకు తెరిచిండ్రో రాసి పెట్టుకోగలదు. లైటు ఎప్పుడు ఆర్పినమో అది గూడ. మన రాత్రి సంగతి గదిలో లేని మనిషి చేతిలో పడుతుంది.

జపాన్‌లో 2015లో 'హెన్ నా హోటల్' అని రోబోల హోటల్ పెట్టిండ్రు. కౌంటరులో డైనోసార్ రోబో! అదే సంస్థ టోక్యో దగ్గరి తన హోటల్లో మంచం పక్కన 'టాపియా' అనే గుడ్డు ఆకారపు రోబోను ఉంచింది. బయటివాడు దాని కెమెరాతో గదిలోకి చూడవచ్చని ఒకతను ముందే హెచ్చరించిండు. ప్రమాదం తక్కువే అనుకున్నరు. 2019 అక్టోబరులో సంగతి బయటపడినంక క్షమాపణ చెప్పిండ్రు.

మారియట్ సంస్థ కథ ఇంకా పెద్దది. స్టార్‌వుడ్ హోటళ్ల బుకింగ్ కంప్యూటర్లలో 2014 నుంచే దొంగలు ఉన్నరని 2018లో గాని తెల్వలేదు. పాస్‌పోర్టు నంబర్లే లక్షల్లో పోయినయి.

"దొంగలు గూడ లాడ్జీలల్ల దిగుతరు, పేరు రాసుకోవద్దా?" అని వార్డెన్ సార్ అడగవచ్చు. రాసుకోవాలె. మన ఔటింగ్ రిజిస్టరులో సార్ రాస్తరు గదా! కాని అది ఎవరి దగ్గర ఉందో మనకు తెలుసు, కండ్లతోటి చూస్తం. దుప్పటి కింద ఎవరు ఏడ్చిండ్రో అందులో ఉండదు. హోటలోళ్లు గూడ ఏం రాస్తరో, ఎన్ని దినాలు ఉంచుతరో ముందే చెప్పాలె. ఇనుప చెవి కావాలన్నోళ్లకు ఇయ్యాలె. బటన్ ఫోను ఉన్న మా బాపుకు గూడ రూము దొరకాలె గదా.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నరు. కేసు వేసిన పుట్టస్వామి గారు రిటైర్డ్ జడ్జి. 2023లో చట్టం గూడ వచ్చింది. వేరే చట్టం ఉంచుమంటే తప్ప, పని అయిపోయినంక మన వివరాలు చెరిపెయ్యాలని అందులో ఉంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ ఆఫీసు ఒకటి హోటళ్లకు జిరాక్స్ ఇవ్వొద్దని ప్రకటన చేసి, రెండు దినాలకే వెనక్కు తీసుకుంది. చెప్పింది మంచి మాటే, ఎందుకు వెనక్కు పోవాలె?

పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనపడే 'మాస్క్‌డ్' ఆధార్ ఉంది. దాన్ని తీసుకోవాలంటే ఆధార్‌కు లింకైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. వార్డెన్ సార్ గారికి నా మనవి: అమ్మానాయనలు మనను చూడవచ్చే ఆదివారం కంప్యూటర్ రూము ఒక గంట తెరిపించండి. ఆ ఫోను ఎంట తెచ్చుకొమ్మని మేమే చెప్తం, మేమే తీసిస్తం.

— పదవ తరగతి విద్యార్థి