గర్భిణి తలనొప్పిని నీరసమని వదిలేయరాదు

సంపాదకులకు,

గర్భిణులకు వచ్చే తలనొప్పి, చూపు మసకబారడం, తిమ్మిర్లు నీరసం వల్లనేనని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలోని అభిప్రాయానికి సవరణ అవసరం. 20 వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరి ఈ లక్షణాలు తోడైతే, అది ప్రీఎక్లాంప్సియా, అనగా గుర్రపువాతమని జనం పిలిచే మూర్ఛకు దారితీయగల వ్యాధి కావచ్చు. ఆ మూర్ఛ ముప్పును మెగ్నీషియం సల్ఫేట్ సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో వెలువడిన ‘మాగ్‌పై’ అనే పరిశోధన నిరూపించింది. ఈ లక్షణాలుండి రక్తపోటు మామూలుగా ఉన్నా, మెదడు సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని తోసిపుచ్చరాదు. ఇలా గడ్డకట్టే ముప్పు కాన్పు తర్వాతి వారాలలో మరింత అధికం కాగా, దానిని గుర్తించేందుకు రంగుమందు ఎక్కించని ఎం.ఆర్.ఐ. గర్భంతో ఉండగానూ చేయదగినదే. చిత్తూరు పల్లెల నుంచి ఇటువంటి గర్భిణిని తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పంపేటప్పుడే అక్కడి స్విమ్స్ ఆసుపత్రి నరాల వైద్య విభాగానికీ కబురందించే ఏర్పాటు తప్పనిసరి కావాలి.

— ఒక పాఠకురాలు, చిత్తూరు