ఇంటికో స్పానర్ల పెట్టె

వార్షికోత్సవ సంచిక అనగానే క్రమశిక్షణ, సమయపాలన, పర్యావరణం మీద వ్యాసాలు వస్తాయి. ఈసారి కూడా వచ్చాయి, మిత్రులు బాగానే రాశారు. మేము మాత్రం స్పానర్ల గురించి రాయదలచుకున్నాం. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు, కాని చివరిదాకా చదవండి.

మా బొల్లాపల్లి మండలంలో వెల్లటూరు వెళ్ళినా, రేమిడిచర్ల వెళ్ళినా, తండాల్లోకి వెళ్ళినా ప్రతి ఇంట్లో కొడవలి, పార, గడ్డపార కనిపిస్తాయి. పారకు కామ వేయడం, కొడవలికి పదును పెట్టించడం ఎప్పుడో పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు అలాంటి చాలా ఇళ్ళ ముందు మోటారు సైకిలు కూడా ఉంటోంది. మిరపకాయల కోతకు పోవాలన్నా, ఎరువు కట్టలు తేవాలన్నా, జ్వరం వచ్చినవాళ్ళను వినుకొండ ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అదే దిక్కు. కాని దాని నట్టు ఒకటి వదులైతే బిగించడానికి ఇంట్లో తుప్పు పట్టిన కటింగ్ ప్లేయరు తప్ప మరేమీ ఉండదు. పనిముట్టు మారింది, దాని పక్కన ఉండవలసిన పనిముట్లు మాత్రం ఇంట్లోకి రాలేదు.

ముందు ఆ ప్లేయరు సంగతి చెప్పాలి. నట్టుకు ఆరు పలకలు ఉంటాయి. ప్లేయరు పళ్ళు దాన్ని అటూ ఇటూ కొరుకుతాయే గాని నిండుగా పట్టుకోవు. రెండు మూడు సార్లు జారితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది. ఆ తర్వాత సరైన స్పానర్ తెచ్చినా పట్టదు. మెకానిక్ ఉలి పెట్టి కొట్టి తీయాల్సిందే. పది నిమిషాల పని పూట పని అవుతుంది, ఆ పూట కూలి పోతుంది. వైరు కత్తిరించడానికి, క్లచ్ వైరు లాగి పట్టుకోవడానికి ప్లేయరు మంచిదే. నట్టు జోలికి మాత్రం దాన్ని పోనివ్వకూడదని మా గట్టి అభిప్రాయం.

కొనవలసినవి చాలా తక్కువ. అసలు కొనేముందు బండి సీటు కిందో, పక్క డబ్బాలోనో కంపెనీ ఇచ్చిన చిన్న సంచి ఉందేమో చూడాలి. బండి కొన్ననాటి నుంచి ఆ సంచి విప్పని ఇళ్ళు మేము చాలా చూశాం. ప్లగ్ స్పానర్ సాధారణంగా అందులోనే ఉంటుంది.

మన ఊళ్ళలో తిరిగే బండ్లలో హీరో హోండా సంతతివి ఎక్కువ. 1985లో సిడి 100, 1994లో స్ప్లెండర్ వచ్చాయి. తర్వాత రెండు కంపెనీలు విడిపోయి 2011లో హీరో మోటోకార్ప్ అనే పేరు వచ్చినా, ఆ బండ్ల నట్లు బోల్టులు జపాను వాళ్ళ కొలతల్లోనే సాగుతున్నాయి. 8, 10, 12, 14, 17, 19 నంబర్లు చేతిలో ఉంటే ఇంటి దగ్గర చేసుకోదగిన పనులు చాలావరకు సాగిపోతాయి. వీటిలో ఫిక్సు స్పానర్ల కంటే రింగు స్పానర్లు ముందు కొనాలి. రింగు ఆరు మూలలనూ ఒకేసారి పట్టుకుంటుంది. బిగిసిపోయిన నట్టును రింగుతో వదులు చేసి, తర్వాత ఫిక్సు స్పానర్‌తో తిప్పుకోవచ్చు. మెకానిక్ అన్నలకు ప్రాణమైన టి స్పానర్లలో 10, 12 రెండూ ఉంటే చాలు. నోరు పెద్దది చిన్నది చేసుకునే స్క్రూ స్పానర్ ఒక్కటుంటే అన్నిటికీ సరిపోతుందని కొందరు అంటారు. అది ప్లేయరుకు తమ్ముడు, అంతే.

స్క్రూడ్రైవర్ల విషయంలో ఒక తమాషా ఉంది. మనం ‘స్టార్’ అని పిలిచేదానిలో రెండు రకాలున్నాయి. 1930ల్లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరు మీద వచ్చినది ఒకటి, జపాను ప్రమాణానిది మరొకటి. చూడటానికి ఒకేలా ఉంటాయి. జపాను పద్ధతి స్క్రూలో మొదటి రకం మొన అడుగుదాకా దిగదు, గట్టిగా తిప్పితే పైకి లేచి గాడి తినేస్తుంది. స్క్రూ పాడైతే చెయ్యి మంచిది కాదంటారు గాని, చాలాసార్లు తప్పు మొనదే. కొట్లో కొనేటప్పుడు స్క్రూ ఒకటి జేబులో వేసుకుపోయి, పెట్టి చూసుకొని కొనాలి.

ఇక పంచరు. మా దారుల్లో తుమ్మ ముల్లుకు గుచ్చుకోని టైరు లేదు. ట్యూబు ఉన్న బండికి రెండు టైరు లీవర్లు, గాలి పంపు, ప్యాచీలు, సొల్యూషన్, ఎమెరీ కాగితం కావాలి. ప్యాచీ వేసి తొందరపడి బిగించేస్తే, టైరులోనే మిగిలిన ముల్లు ఇంటికి చేరేలోపు మళ్ళీ గుచ్చుతుంది. లోపలంతా గుడ్డతో తుడిచి చూడాలి, వట్టి వేళ్ళతో తడమకూడదు. ట్యూబ్‌లెస్ టైరుకు పొడుగు రబ్బరు పట్టీలు, వాటిని దూర్చే సూదుల జత సరిపోతాయి. గాలి ఎంత పెట్టాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఎక్కువ పెట్టాలని కూడా అందులోనే రాసి ఉంటుంది.

ప్లగ్ సందు కొలవడానికి ఫీలర్ గేజ్, బ్యాటరీ చూడటానికి చిన్న మల్టీమీటర్, ఒక వైరు బ్రష్షు, నూనె పట్టడానికి వెడల్పాటి గిన్నె ఉంటే ఇంకా మంచిది. ఇంజను విప్పే సామాను మాత్రం కొనవద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో కార్బురేటర్ బదులు ఇంధనాన్ని లెక్క ప్రకారం చిమ్మే ఏర్పాటు, సెన్సార్లు ఉన్నాయి. అవి మొరాయిస్తే యంత్రం పెట్టి చూసేవాళ్ళ దగ్గరకే పోవాలి. అలాగని అంతా వాళ్ళకే వదిలేయడం కుదరదు. కొత్త బండికైనా చైను వదులవుతుంది, బ్రేకు అరుగుతుంది, నూనె నల్లబడుతుంది.

తిరునాళ్ళలో తళతళలాడే నలభై ముక్కల పెట్టెలు అమ్ముతారు. పిల్లలకు బొమ్మ కొన్నట్టు కొనుక్కోవచ్చు, నట్టు మీద పెడితే నోరు తెరుచుకుంటుంది. నాసిక్‌లోనో జలంధర్‌లోనో తయారైన గట్టి స్పానర్లు ఒక్కొక్కటిగా కొనడం మేలు. ఈ నెల 10, వచ్చే నెల 12. ఒక రోజు కూలిలో కొంత పక్కన పెడితే ఒక స్పానర్ వస్తుంది, అది తండ్రి తర్వాత కొడుక్కి కూడా పనికొస్తుంది.

అసలు మేము ఇది రాయడానికి కారణం వేరే ఉంది. “చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా” అనే బెదిరింపు మాలో చాలామంది ఇళ్ళలో విన్నదే. ఆ మాటలో రెండు తప్పులున్నాయి. షెడ్డు పని తెలివితక్కువ వాళ్ళదన్నట్టు చెప్పడం ఒకటి. బండి చప్పుడు విని రోగం చెప్పగల మనిషి తెలివి ఏ పరీక్షకు తక్కువ? చేతిపనిని కిందకు నెట్టే ఈ అలవాటు మన సమాజంలో ఎక్కడి నుంచి వచ్చిందో అంబేడ్కర్ గారిని చదివిన హాస్టల్ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. రెండోది ఇంకా పెద్దది. మన దగ్గర స్పానర్ పట్టడం నేర్చుకోవాలంటే బడి మానడం తప్ప దారి లేనట్టు అయిపోయింది. మాతో చదివి మధ్యలో ఆగిపోయి షెడ్డుల్లో చేరిన వాళ్ళున్నారు. 2016 చట్ట సవరణ తర్వాత 14 ఏళ్ళ లోపు వాళ్ళను పనిలో పెట్టుకోవడం నేరమని గోడల మీద రాస్తున్నారు, మంచిదే. కాని ఆ విద్య మీద ఇష్టమున్న పిల్లవాడు బడిలో ఉంటూనే నేర్చుకునే చోటు ఎక్కడుందో కూడా ఎవరైనా రాయాలి. పది పాసైతే ఐ.టి.ఐ.లో రెండేళ్ళ మోటారు మెకానిక్ కోర్సు ఉంది. ఇంట్లో ముందే రెండు బండ్లకు నూనె మార్చినవాడు అక్కడికి భయం లేకుండా పోతాడు. ఆడపిల్లలకూ ఇదే మాట. వాళ్ళు బండ్లు నడుపుతున్నారు, చైను బిగించడానికి అన్నయ్య వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

పద్దెనిమిది నిండని మేము గేరు బండి నడపకూడదు, నిజమే. బాగుచేయడానికి లైసెన్సు అక్కరలేదు.

కాబట్టి మా మనవి ఇది. వార్షికోత్సవం చందాల్లో మిగిలిన డబ్బుతో హాస్టల్‌కు ఒక పెట్టె కొనాలి. పైన చెప్పిన ఆరు నంబర్ల రింగు స్పానర్లు, రెండు టి స్పానర్లు, పంచరు సామాను ఉంటే చాలు. తాళం వార్డెన్ సార్ దగ్గర ఉండాలి, తీసుకున్నవాళ్ళు పుస్తకంలో సంతకం చేయాలి. నెలకొక ఆదివారం ఊళ్ళోని మెకానిక్ అన్న ఒకరిని పిలిచి, గురువుగా కుర్చీ వేసి, చూపించమని అడగాలి. వంటగది వైపు పెట్రోలు వాసన రాకూడదు కనుక వెనక వేపచెట్టు కింద చేసుకుంటాం. బ్రేకు విప్పిన బండిని పెద్దవాళ్ళు ఖాళీ స్థలంలో నడిపి చూశాకే రోడ్డెక్కించాలి. పాడైన నూనె నేలమీద పోయకుండా మూత ఉన్న డబ్బా మేమే తెస్తాం.