నీటి నిపుణులకు నీరు లేని సీమనూ చూపాలి

అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 25వ మహాసభ 2023 నవంబరు 2 నుంచి 8 వరకు విశాఖపట్నంలో జరిగింది. 1950లో ఢిల్లీ కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థ మహాసభకు మన దేశం ఆతిథ్యమివ్వడం 1966 తర్వాత అదే మొదలు. దేశదేశాల ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు వచ్చారు. రాష్ట్రానికి అది గౌరవమే. విశాఖ తీరానికి అతిథులు కొత్త కాదు. తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధ భిక్షువులు సముద్రానికి ఎదురుగా విహారాలు కట్టుకున్నారు. తర్వాత డచ్చివారు, ఇంగ్లీషువారు వర్తకానికి దిగారు. పరదేశీయులకు అంతకంటె చక్కని విడిది దొరకడం కష్టం.

అయితే ఆ మహాసభ చర్చకు పెట్టుకున్న ముఖ్య విషయం వ్యవసాయంలో నీటి ఎద్దడిని ఎదుర్కొనడం. సరిగా ఆ రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. వాటిలో అనంతపురం జిల్లావి ఎన్నో ఉన్నాయి. ఎద్దడి మీద ప్రసంగాలు సముద్రపు ఒడ్డున సాగితే, ఎండిన శెనక్కాయ చేలు ఇక్కడ ఉన్నాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. అంతమందికి సరిపడే గదులు, సభామందిరాలు గుత్తిలో ఎక్కడివి? కాని ఇకముందు ఇటువంటి సభ రాష్ట్రంలో ఎక్కడ జరిగినా రెండు రోజులు కరువు సీమ పర్యటనకు కేటాయించాలని ఇక్కడి రైతులు కోరడం న్యాయం.

వస్తే చూపడానికి ఏముందని కొందరు పెదవి విరవవచ్చు. గుత్తి కోట ఉంది. చుట్టూ ఉన్న నేలకు దాదాపు వెయ్యి అడుగుల ఎత్తున, బండరాతి కొండ మీద, వాన చినుకును పట్టి నిలవ చేసుకోవడానికి ఎన్ని బావులు తవ్వారో చూస్తే ఏ దేశపు ఇంజనీరైనా ఆగిపోతాడు. బావులు నూరుకు పైనే అని ఊరివారు చెబుతారు. ఇన్ని బావుల కోట చివరకు నీళ్ళు లేకనే పడిపోయింది. 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు మురారిరావు ఘోర్పడే కోటలో నీళ్ళు అడుగంటాయి. సంధి మాటల సందర్భంలో ఆ సంగతి హైదరు చెవిన పడింది. ఇక అతను పట్టు సడలించలేదు. మురారిరావు లొంగిపోయి, కబ్బాలదుర్గం చెరలో ప్రాణం విడిచాడు. నీటి ఎద్దడి అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటె పాఠం ఏ సభలో దొరుకుతుంది?

తర్వాత చెరువులు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును, కంభం చెరువును, కె.సి. కాలువను ఇదే కమిషన్ 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తించింది. పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం ప్రకారం రెండేళ్ళపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు పనిచేశాయి. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనంలో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. నేల చౌడు కావడం ఒకటి. వచ్చే నీరు కొంచెమై పారవలసిన పొలం ఎక్కువ కావడం మరొకటి. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం కూడా దోషమేనట! హెచ్చెల్సీ నీళ్ళ కోసం ఏటా హొస్పేట వైపు చూసే ఆయకట్టు రైతుకు ఈ ముక్క వేరే విడమర్చి చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ ఎందరికి నిద్ర పట్టలేదో వారికే తెలుసు.

ఘనతను మాత్రమే చూపి పంపడం సరికాదు. పూడిక చేరిన కుంటలు, కంపచెట్లు మొలిచిన కట్టలు, ఆక్రమణకు గురైన వాగులు కూడా చూపాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఆ కాస్తా నిలబడే చోటు మనమే పాడుచేసుకున్నామని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన రైతును అతిథుల ముందు కూర్చోబెట్టాలి. చెరువు నీటిని మళ్ళకు పంచిన పాత నీరుగట్టి ఎవరైనా మిగిలి ఉంటే ఆయన్నూ పిలవాలి. శ్రీశైలం నీటిని మల్యాల నుంచి ఎత్తిపోసి 2012లో జీడిపల్లికి తెచ్చిన హంద్రీ-నీవా కాలువనూ చూపాలి. ఆ నీటితో ఎన్ని చెరువులు నింపగలం, ఒక తడికి ఎంత నీరు చాలు అని వారిని సూటిగా అడగాలి.

పత్తికొండను కూడా దారిలో చేర్చుకోవచ్చు. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో 1827లో అక్కడ కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. మద్రాసులో ఆయనకు గుర్రం మీద విగ్రహం నిలిపారు, పత్తికొండలో ఆయన పేర మెట్ల బావి కట్టించారు. రెంటిలో ఏది మేలో ఈ సీమవారిని అడగనక్కరలేదు.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. కోట దారిలో పెరిగిన పొదలు కొట్టించి, బావుల పూడిక తీయించి, వాటి చరిత్ర తెలిపే పలకలు పెట్టించడం పురావస్తు శాఖ పని. భోజనానికి జొన్నరొట్టె, సంకటి, ఊరిబిండి చాలు, పందిళ్ళు, పూలదండలు అక్కరలేదు. మెట్టమెట్టున మంచినీళ్ళ కుండలు పెట్టించే బాధ్యత మాత్రం పురపాలక సంఘం ముందుగానే తీసుకోవాలి.